కూరల బండికి కాపలా

కోడిపుంజుల మీద పంతాలు పోయి రాజ్యాలకు రాజ్యాలే నరుక్కున్న సీమ పల్నాడు. అలాంటి చోట కాకరకాయల కోసం నెత్తురు పారిందంటే నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కనుబొమ్మ మీద కుట్లు పడిన కృపమ్మకు మాత్రం అందులో నవ్వడానికి ఏమీ కనిపించలేదు. ఆమె మొగుడి కాలు నిలుస్తుందో పోతుందో ఆ కాకరకాయల మీదే ఉందని ఆమె నమ్మింది.

పిడుగురాళ్ల దాటాక పెద్దరోడ్డు దిగి లోపలికి వెళ్తే సున్నపు బట్టీలు వస్తాయి. వాటి వెనకాల, గాలి ఎటు వీచినా దుమ్ము వచ్చి వాలే చోట, కూలీల కాలనీ ఉంది. రేకుల ఇళ్లు, ఇరుకు సందులు, గోడా నేలా మనిషీ అన్నీ తెలుపే. పెళ్లయి వచ్చిన కొత్తలో కృపమ్మ ఇంటి ముందు గోంగూర గింజలు చల్లింది. మొలకలు రెండాకులు వేసి, తెల్లబడి, వాలిపోయాయి. అత్తగారు చూసి నవ్వింది. ఆవిడ కూడా కొత్తకోడలిగా వచ్చినప్పుడు బచ్చలి తీగ నాటి చూసిందట.

కాలనీకి దారి ఒక్కటే. ఆ దారి మొదట్లో పుల్లారావు కొట్టు. దాని పక్కన అతని బావమరిది నూడుల్స్ బండి, ఆ పక్కన పెదనాన్న కొడుకు బజ్జీల బండి. కొట్టు ముందు పెళ్లిపందిరి తోరణాల్లాగా చిప్స్ పొట్లాలు వేలాడుతుంటాయి. లోపల రంగునీళ్ల సీసాలు, పామాయిల్ ప్యాకెట్లు, బియ్యం, బిస్కెట్లు. కూరగాయలంటారా, మూలన గోనెసంచిలో మొలకలొచ్చిన బంగాళాదుంపలు, ఉల్లిపాయలు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. పుల్లారావు అమ్మే ఉల్లి సగం కుళ్లింది కాబట్టి సవతి తల్లి లెక్కన అనుకోవాలి.

టౌన్లో పెద్ద మార్కెట్టే ఉంది. ఉండి ఏం లాభం? బట్టీ పని దిగి, ఒళ్లు కడుక్కుని, ఆటో దొరికి అక్కడికి చేరేసరికి కూరలవాళ్లు గోనెలు దులుపుకుంటుంటారు. ఆదివారం మోసుకొచ్చిన ఆకుకూర రేకుల కింద వేడికి మర్నాటికే మగ్గిపోతుంది. అందుకని పొద్దున బడికెళ్లే పిల్లల చేతిలో చిప్స్ పొట్లం, సాయంత్రం పని దిగిన తల్లుల చేతిలో బజ్జీల పొట్లం. ఆ కాలనీలో ఆకలితో ఎవరూ చావలేదు. కడుపులు నిండుతూనే ఉన్నాయి. దేంతో నిండుతున్నాయో అడిగే ఓపిక ఎవరికీ లేదు, అంతే.

పని దిగే వేళకు మేస్త్రీ ఒక బుట్ట పట్టుకుని వస్తాడు. ఎర్రటి బెల్లం ముక్కలు మనిషికొకటి చేతిలో పెడతాడు. రోజంతా పీల్చిన సున్నపు దుమ్ము బెల్లానికి అంటుకుని గొంతులోంచి కడుపులోకి జారిపోతుందని తాతల నాటి మాట. దెబ్బ తగిలి ఇంట్లో పడుకున్నవాడికి కూడా అతని ముక్క ఇంటికి వెళ్తుంది. కూలి నాలుగు రోజులు ఆలస్యమైనా ఓర్చుకుంటారు గానీ, బుట్ట రావడం ఆలస్యమైతే పారలు కింద పడేస్తారు.

కృపమ్మ మొగుడు బెంజిమిన్ బట్టీ మీదికెక్కి రాయి వేసేవాడు. ఒకనాడు కాలిన సున్నపుగడ్డ జారి కుడి పాదం మీద పడింది. కాలిన పుండు నెలలు గడిచినా మానలేదు. అంతకు ముందే ఇంటి వెనకాల అతను ఒంటికి పోసిన చోట చీమలు బారులు కట్టడం కృపమ్మ చూసింది. చీమలకేం, ఎక్కడైనా తిరుగుతాయి అనుకుంది. జిల్లా కేంద్రం పేటలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ రక్తం చూసి షుగర్ అంది.

"మాత్రలొక్కటే చాలవమ్మా. అన్నం తగ్గించు. కాకర, బీర, సొర, ఆకుకూరలు బాగా పెట్టు. బజ్జీలు, చిప్స్ బంద్. తీపి ముట్టుకోనివ్వొద్దు. షుగర్ దిగకపోతే ముందు వేలు తీయాల్సొస్తుంది, ఆ తర్వాత పాదం, ఆ తర్వాత ఇంకా పైకి."

ఆ 'ఇంకా పైకి' అన్న మాట కృపమ్మ గుండెల్లో దిగబడిపోయింది. ఇంటికి రాగానే పంచదార డబ్బా బోర్లించి కడిగేసింది. టీ చప్పగా కాచింది. చర్చిలో పంచిన కేకు ముక్కను సందులో పిల్లలకిచ్చేసింది. తీపి అన్నది తన గడప దాటి లోపలికి రాకుండా చేశాననుకుంది. ఇక మిగిలింది కూరగాయలు.

ఆ ఆదివారం మార్కెట్లో పీర్ సాహెబ్ దగ్గరికి వెళ్లింది. నెరిసిన గడ్డం, మెడలో తువ్వాలు, ట్రాలీ ఆటో మీద కూరలు వేసుకుని సందులు తిరుగుతాడు. ఆటోకి స్పీకరు కట్టి, అందులో తన గొంతే రికార్డు చేసి పెట్టుకున్నాడు.

"పీరు బాబాయ్, మా కాలనీకి రాకూడదా? బండి మీదయ్యన్నీ చిటికెలో అమ్ముడుపోతయ్."

"మీ పుల్లారావు సంగతి విన్నాలేమ్మా. చేపలోడు వస్తే టైర్లు కోసి పంపించాడంట గదా."

"నేనుంటా గదా."

"నువ్వుండి ఏం చేస్తావే తల్లీ?"

"ఏదో ఒకటి చేస్తా. నా మొగుడి కాలు తీసేస్తారంట బాబాయ్. నువ్వు రా."

పీర్ సాహెబ్ గడ్డం గోక్కున్నాడు. మర్నాడు సాయంత్రం కాలనీ సందులో "టమాటాలమ్మా, వంకాయలూ, కాకరకాయలూ, తోటకూరమ్మా తోటకూరా" అని అతని గొంతు వినిపించింది. ఆడవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కోకుండా పరుగెత్తారు. పక్కింటి అక్తర్ బేగం బెండకాయ తీసుకుని కొన విరిచి చూసింది. ఆమె బట్టీలో కృపమ్మ జోడీ. ఒకరు గోతం పట్టుకుంటే ఒకరు సున్నం ఎత్తిపోస్తారు. ఆమె మొగుడు జాన్ సాహెబ్ అదే బట్టీలో లారీలకు మెకానిక్కు.

"ఏమే కృపమ్మా, లేతగా టప్పున ఎట్టా ఇరిగిందో చూడు! మన కాలనీలో ఈ చప్పుడు యిన్నావా ఎప్పుడన్నా?"

బండి రోజూ వచ్చింది. బెంజిమిన్ పుండు పైన పొర ఎండినట్టు కనిపించింది. పుల్లారావు పెదనాన్న కొడుకు బాణలిలో బజ్జీలు సాయంత్రానికి మిగిలిపోవడం మొదలైంది. నూడుల్స్ బండి వాడు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. ఇదంతా పుల్లారావు కొట్టులో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు ట్రాలీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఏం సాయిబూ, దారి తప్పినావా?"

"లేదయ్యా, ఆడోళ్లు రమ్మంటేనే వస్తన్నా."

"బెల్లమున్న కాడికే చీమలు చేరతయ్. నా కాడికి చేరే చీమల్ని నువ్వు తోలుకపోతా ఉంటే నేను చూస్తా కూసోవాలా? రేపు వచ్చినావంటే ఎముకలో సున్నం లేకుండా కొడతా. మళ్లా చెప్పలేదనొద్దు."

సున్నపు బట్టీల దగ్గర పుట్టి పెరిగినవాడు, సున్నం లేకుండా కొట్టడం అతనికి కొత్తేమీ కాదు. అయినా పీర్ సాహెబ్ మర్నాడు వచ్చాడు. భయం లేక కాదు. ముందురోజు కృపమ్మ కాకరకాయలు చెప్పి ఉంచింది, మాటిచ్చాడు.

పని ఇంకా దిగలేదు. కృపమ్మ బట్టీ దగ్గర గోతాలు నింపుతోంది. స్పీకరు గొంతు దారి మొదట్లోనే ఆగిపోయింది. ముందుకు రావడం లేదు, వెనక్కి పోవడం లేదు, ఒక్కచోటే "తోటకూరమ్మా తోటకూరా" అంటోంది. కృపమ్మకు సంగతి అర్థమైంది. పార చేతిలో ఉండగానే పరుగెత్తింది. "అక్తరక్కా, రాయే!" అని ఆమె వేసిన కేకకు అక్తర్ బేగం, వెనకాల మిగతా ఆడవాళ్లు పారలతోనే కదిలారు.

వాళ్లు చేరేసరికి పీర్ సాహెబ్ నేల మీద పడి ఉన్నాడు. పుల్లారావు బావమరిది అతని వీపు మీద మోకాలు పెట్టి, తూకం రాయితో భుజం మీద మోదుతున్నాడు. రాయి పడిన ప్రతిసారీ ముసలాయన నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. పుల్లారావు ట్రాలీ మీదికెక్కి, గోతం చించి, తడపని సున్నాన్ని కూరల మీద కుమ్మరించాడు. తోటకూర, బీరకాయలు, కాకరకాయలు అన్నీ తెల్లగా కప్పుకుపోయాయి. తర్వాత బజ్జీల బండి దగ్గరి నీళ్ల బకెట్టు ఎత్తి దాని మీద పోశాడు.

సున్నం భగ్గుమంది. బుసలు కొడుతూ పొంగింది, పొగ లేచింది, ఆ పొగలో కూరలన్నీ కళ్ల ముందే కుతకుతా ఉడికాయి. టమాటాలు చిట్లి తొక్కలు ఊడాయి. ఊరందరికీ వంట అయింది, తినడానికి ఒక్క ముద్ద లేదు. ఆ ఉడుకులోంచి స్పీకరు ఇంకా హుషారుగా కాకరకాయలు అమ్ముతూనే ఉంది.

"రండి, రండి," అన్నాడు పుల్లారావు పైనుంచి. "కూర వండి పెట్టినా. గిన్నెలు తెచ్చుకోండి."

కృపమ్మ ట్రాలీ దగ్గరికి ఉరికింది. పార తిప్పి కొట్టింది. పార వెనక భాగం అతని మణికట్టు మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడయింది. పుల్లారావు కేక పెడుతూ ట్రాలీ మీదినుంచి వెల్లకిలా పడ్డాడు. ఆమె మళ్లీ ఎత్తింది. బెంజిమిన్ పాదం, డాక్టరమ్మ మాట, కుతకుతా ఉడికిన కాకరకాయలు, అన్నీ ఆ పారలోకి వచ్చి చేరాయి. ఈసారి దెబ్బ అతని తొడ మీద పడింది. మూడోసారి ఎత్తేలోగా బజ్జీల బండి వాడు కాలిన ఇనుప గరిటెతో ఆమె ముఖం మీద కొట్టాడు. కనుబొమ్మ చీలింది. ఎడమ కంట్లోకి నెత్తురు కారి లోకం ఎర్రబడింది.

ఆ నెత్తురు చూశాక ఆడవాళ్లను ఆపడం ఎవరి తరం కాలేదు. ఇద్దరు కలిసి పీర్ సాహెబ్ మీద కూర్చున్నవాణ్ణి జుట్టు పట్టి లాగి, పారల పిడులతో పక్కలు విరగ్గొట్టారు. అక్తర్ బేగం పొయ్యి మీది బాణలి కింద పార పెట్టి ఎత్తి బోర్లించింది. కాగే నూనె దుమ్ములో పారి, పరుగెత్తబోయిన బజ్జీల వాడి పాదాల మీద చిందింది. చిప్స్ తోరణాలు తెంపి తొక్కారు. రంగునీళ్ల సీసాలు పగిలి నేలంతా నారింజ రంగయింది. పోలీసు జీపు వచ్చే సమయానికి ఆ దారిలో నిలబడి ఉన్నవి స్పీకరు కట్టిన కమ్మీ, పారలు పట్టుకున్న ఆడవాళ్లు మాత్రమే.

రెండు వైపులా నెత్తురు కారుతుండటం చూసి పోలీసులు కేసులా రాజీయా తేల్చుకోమన్నారు. ఆడవాళ్లు తేల్చుకున్నారు. కూరల బండి వచ్చేదాకా పారలు పట్టం అన్నారు. బట్టీలు చల్లబడటం మొదలయ్యాక ఓనరు కారు దిగి వచ్చాడు. అందరినీ కూర్చోబెట్టి పెద్దమనిషి తరహాలో మాట్లాడాడు.

"సాయిబు బండి రోజూ వస్తది. పుల్లారావు అడ్డం రాడు, నాది పూచీ. మీరు కష్టపడేవాళ్లు. మీ కోపం తగ్గేట్టు నేను కూడా ఒకటి చేస్తా. ఇయ్యాల్టి నుంచి మనిషికి ఒక ముక్క కాదు, రెండు ముక్కల బెల్లం."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. కట్టు కట్టిన కంటితో కృపమ్మ కూడా కొట్టింది. ఆ బెల్లం బట్టీకి పంపేది పుల్లారావు కొట్టే. చేతికి సిమెంటు కట్టుతో, ఎడమచేత్తో బెల్లం కొట్టి బుట్టకెత్తడం అతనికి ఆ రోజు నుంచి రెట్టింపు పనయింది, రెట్టింపు బేరం కూడా అయింది. పోయిన బజ్జీల బేరం అలా పూడింది.

మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి వేలాడేసుకుని పీర్ సాహెబ్ మళ్లీ వచ్చాడు. అలాంటి ఊరేగింపు పల్నాడులో ఇంకెవరూ చూసి ఉండరు. మధ్యలో కూరల ట్రాలీ, దానికి రెండు పక్కలా భుజాన పారలేసుకున్న ఆడవాళ్లు, ముందు కనుబొమ్మ మీద కుట్లతో కృపమ్మ. పుల్లారావు కొట్టు ముందుకు రాగానే ఆమె కావాలనే నడక నెమ్మది చేసేది. ఆ నాలుగడుగులు ఆమెకు బతుకులో దొరికిన గొప్ప సుఖం.

ఇంట్లో కాకరకాయ పులుసు, బీరకాయ కూర, తోటకూర పప్పు, రాత్రికి జొన్నరొట్టె. బెంజిమిన్ మొహం చిట్లించాడు.

"ఇది కూరా, శిక్షా?"

"మింగు. దీని కోసం నెత్తురు కార్చినా."

"కార్చినావులే. ఊరంతా చెప్తన్నారు, బెంజిమిన్ పెళ్లాం కాళికావతారమని."

అతను తిన్నాడు. తిన్నాక దగ్గొచ్చింది. ఏళ్ల తరబడి బట్టీ దుమ్ము మింగిన రొమ్ములోంచి వచ్చే పొడిదగ్గు. కృపమ్మ కొంగుముడి విప్పింది. ఇంటికి పంపిన అతని రెండు ముక్కలూ, తన రెండు ముక్కలూ కలిపి అతని అరచేతిలో పెట్టింది.

"నీయి నువ్వు తినొచ్చు గదే," అన్నాడు.

"నాకేం, గుండ్రాయిలాగున్నా. దుమ్ము నీ రొమ్ములో ఉంది. తిను."

అతను కళ్లు మూసుకుని చప్పరిస్తుంటే ఆమె పక్కన కూర్చుని చూసేది. చేదంతా పోయి అతని ముఖం తేటపడటం చూస్తే ఆమె కడుపు నిండేది. ప్రేమంటే ఏమిటని ఆ పూట ఎవరైనా అడిగితే ఆ చెయ్యి చూపించేది.

పుండు పైన ఎండింది గానీ పాదం వాచింది. తర్వాత వాసన మొదలైంది. పేటకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ కట్టు విప్పి పొర తొలగించగానే లోపల నల్లగా ఉంది. రక్తం కాగితం చూసి ఆవిడ కళ్లజోడు తీసింది.

"ముందుకన్నా పెరిగింది. నేను చెప్పినవి ఏవీ పెట్టలేదా?"

కృపమ్మకు రోషం వచ్చింది. "అన్నీ పెట్టినా మేడమ్. కాకర, బీర, తోటకూర, ఒక్క పూట మానలేదు. చూడండి, ఈ కుట్లు కూడా కాకరకాయలకే పడ్డయ్. పంచదార ఇంట్లో లేదు. టీ చప్పగానే తాగుతున్నాం. బజ్జీ ముట్టుకోలా."

డాక్టరమ్మ బెంజిమిన్ వైపు తిరిగింది. "ఇంకేం తింటున్నావయ్యా?"

"ఇంకేం లేదండీ. బెల్లం, అంతే. బట్టీ కాడ ఇస్తారు గదా, దుమ్ముకి."

"ఎంత?"

"నాయి రెండు, మా ఆడదాని రెండు." గుప్పిట మూసి ముక్క పరిమాణం చూపించాడు. "తనది కూడా నాకే పెట్టుద్దండీ."

డాక్టరమ్మ గొంతు తగ్గించి, "బెల్లం తీపి కాదా అమ్మా?" అని మాత్రం అడిగింది.

"అది మందు గదా మేడమ్," అంది కృపమ్మ. ఆ మాట తన నోట్లోంచి వచ్చి తన చెవిన పడ్డాక బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయింది.

మోకాలి కింద తీసేశారు. ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని కృపమ్మ తన కుడిచేతిని చూసుకుంది. పుల్లారావు మణికట్టు విరగ్గొట్టిన చెయ్యి అదే. రోజూ సాయంత్రం కొంగుముడి విప్పి మొగుడి అరచేతిలో బెల్లం పెట్టిన చెయ్యీ అదే. ఆ చేతిని బల్ల అంచుకేసి కొట్టుకుంది. పక్కనున్న ఆయా పట్టుకునేదాకా కొడుతూనే ఉంది. వేళ్ల కణుపులు పగిలాయి.

కాలు పోయిన మనిషిని ఆటోలో ఇంటికి తెచ్చిన రోజు కాలనీ అంతా వచ్చి చూసిపోయింది. అక్తర్ బేగం గిన్నెలో కాకరకాయ వేపుడు తెచ్చి పెట్టింది. జాన్ సాహెబ్ గడప దగ్గర కూర్చుని బెంజిమిన్‌కి ధైర్యం చెబుతూ చెంబెడు నీళ్లు అడిగి తాగాడు. కాసేపాగి ఇంకో చెంబు అడిగాడు.

"ఈ ఎండలకి ఎంత తాగినా దాహం తీరట్లేదు చెల్లెమ్మా," అన్నాడు.

కృపమ్మ చెంబు నింపడానికి ఇంటి వెనక్కి వెళ్లింది. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. అవతల, జాన్ సాహెబ్ వాళ్ల గోడ మొదట్లో, తడి మచ్చ చుట్టూ చీమలు నల్లగా బారులు కట్టి ఉన్నాయి. వాటిని చూస్తూ ఆమె చెంబు నిండి పొర్లడం గమనించలేదు. వెళ్లి అక్తర్ బేగానికి ఆ మాట చెబుదామనుకుంది. చెంబు తీసుకుని ముందుకు వచ్చింది. గడపలో జాన్ సాహెబ్ నవ్వుతూ కూర్చుని ఉన్నాడు.

మర్నాడు పనిలోకి వెళ్లింది. సాయంత్రం మేస్త్రీ బుట్టతో వచ్చాడు. వెనకాలే సిమెంటు కట్టు చేత్తో పుల్లారావు. కృపమ్మ పార పట్టుకుని బుట్టకూ జనానికీ మధ్య నిలబడింది.

"ఎవురూ తీసుకోబాకండి. ఇదే నా మొగుడి కాలు తిన్నది. డాక్టరమ్మ చెప్పింది. ఇది మందు కాదు, చక్కెరే. ముందు రక్తం చూపించుకోండి, తర్వాత తినండి."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గొణుగుడు లేచింది.

"మరి దుమ్ము ఎట్టా దిగుద్దే?"

"మా తాత డెబ్బయ్యేళ్లు తిన్నాడు ఈ బెల్లం. రెండు కాళ్లతోనే పోయినాడు."

"పాపం, మొగుడి కాలు పోయి దీనికి మతి చలించింది."

పుల్లారావు వెనకనుంచి అందుకున్నాడు. "మొగుణ్ణి కుంటోణ్ణి చేసి ఇప్పుడు ఊరి మీద పడ్డావా? బజ్జీలు వద్దన్నావు, చిప్స్ వద్దన్నావు. ఇప్పుడు బెల్లం కూడా వద్దా? ఇక సున్నం తినమంటావా వీళ్లని?"

నవ్వారు. నవ్వింది పుల్లారావు మనుషులు కాదు. నిన్నటిదాకా కూరల బండికి అటూ ఇటూ నడిచిన ఆడవాళ్లే నవ్వారు. ఒకామె కృపమ్మను పక్కకు నెట్టి బుట్టలో చెయ్యి పెట్టింది. తర్వాత ఇంకొకామె. ఆమె చుట్టూ తిరిగి వెళ్లి అందరూ తీసుకున్నారు. అక్తర్ బేగం తనవి రెండూ, జాన్ సాహెబ్‌వి రెండూ తీసుకుని కొంగున ముడేసుకుంది.

కృపమ్మ పార పారేసి ఆమె కొంగు పట్టుకుంది.

"అక్తరక్కా, అది అన్నకి పెట్టమాక."

"వదులు."

"పెట్టొద్దు అంటన్నా!"

ముడి లాగింది. అక్తర్ బేగం చెంప మీద కొట్టింది. కృపమ్మ వదల్లేదు. ఇద్దరూ సున్నపు దుమ్ములో పడి దొర్లారు. అక్తర్ బేగం గోళ్లు మానీ మానని కనుబొమ్మ గాటు మీద పడి మళ్లీ నెత్తురు కారింది. కృపమ్మ ఆమె చెయ్యి నేలకు అదిమి, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, కొంగు చించి, బెల్లం ముక్కలు సున్నం తడిపే తొట్టిలోకి విసిరేసింది. తొట్టిలో అవి ఒక్కసారి బుడబుడమని మునిగిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను లాగి, పారల పిడులతో వీపు మీద, పిక్కల మీద కొట్టారు. పుల్లారావు మనుషుల వీపుల మీద ఆడిన పిడులే అవి.

అక్తర్ బేగం లేచి దుమ్ము ఉమ్మింది. ఏడుస్తోంది.

"నీ మొగుడి కాలు పోయిందని నా మొగుడి ఊపిరి కూడా తీస్తావంటే? ఆయన రాత్రుళ్లు దగ్గే దగ్గు నీకు యినపడట్లేదా? నీ కోసం పార పట్టినా గదే నేను!"

కృపమ్మ నేల మీదినుంచి లేవలేకపోయింది. ముఖం మీద నెత్తురూ సున్నమూ కలిసి మంట పుడుతోంది.

"మీ గోడ వెనకాల చీమలు చూసుకో పో," అంది. "మా ఇంటెనక చూసి కూడా నేను ఊరుకున్నా అప్పుడు. నువ్వు ఊరుకోబాక."

అక్తర్ బేగం చిరిగిన కొంగు భుజం మీదికి లాక్కుని విసవిసా వెళ్లిపోయింది. మిగతావాళ్లూ చెదిరిపోయారు. కృపమ్మ కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. మంచం మీద బెంజిమిన్ ఆమె ముఖం చూశాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాపబోయి, గుర్తొచ్చి, దుప్పటి కిందికి లాక్కున్నాడు. ఆమె కాకరకాయ వేపుడు గిన్నె అతని ముందు పెట్టి, ముఖం కడుక్కుందామని వెనక్కి వెళ్లింది.

గోడ అవతల చప్పుడు అవుతోంది. కృపమ్మ వంగి చూసింది. అక్తర్ బేగం మోకాళ్ల మీద కూర్చుని, కాలి చెప్పు చేత్తో పట్టుకుని, తడి మచ్చ చుట్టూ ఉన్న చీమల్ని కొడుతోంది. చచ్చిన చీమల మీదే మళ్లీ మళ్లీ కొడుతోంది. పళ్లు బిగబట్టి, ఏడుపు బయటికి రానివ్వకుండా కొడుతోంది. ఇంట్లోంచి జాన్ సాహెబ్ గొంతు వినిపించింది.

"ఏమే, ఇయ్యాల బెల్లం తేలేదా?"

గోడ ఇవతల కృపమ్మ చెంబు పట్టుకుని నిలబడిపోయింది. చెప్పుదెబ్బలు చానాసేపటిదాకా ఆగలేదు.